ఇంటర్నేషనల్ అఫైర్స్‌లో మాస్టర్స్: న్యూయార్కా, పారిసా, జెనీవానా?

నమస్కారమండీ. మాది పశ్చిమ గోదావరి. బీటెక్ అయ్యాక నాలుగేళ్లుగా, గల్ఫ్ దేశాలకు ఇంటిపనికి వెళ్లే ఆడవాళ్ల కోసం పనిచేసే ఒక చిన్న సంస్థలో ఉన్నాను. ఆగిపోయిన జీతాలు, యజమాని లాక్కున్న పాస్‌పోర్టులు, రోజూ ఇవే ఫోన్లు. ఇక వలసల విధానాలపై చదవాలని ఉంది.

న్యూయార్క్‌లో కొలంబియా యూనివర్సిటీ వాళ్ల సీపా, పారిస్‌లో సియాన్స్ పో, జెనీవా గ్రాడ్యుయేట్ ఇన్‌స్టిట్యూట్ అనుకుంటున్నాను. ఐఎల్‌ఓ (అంతర్జాతీయ కార్మిక సంస్థ), ఐఓఎం (అంతర్జాతీయ వలసల సంస్థ) రెండింటి ప్రధాన కార్యాలయాలూ జెనీవాలోనే ఉన్నాయి కాబట్టి మనసు అటే లాగుతోంది. కానీ నాకు ఫ్రెంచ్‌లో బోంజూర్ తప్ప ఏమీ రాదు. కోర్సు ఇంగ్లిష్‌లో నెట్టుకొచ్చినా, ఇంటర్న్‌షిప్‌కి ఫ్రెంచ్ లేకపోతే కష్టమా?

అమెరికా అయితే, స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజినీరింగ్, మ్యాథ్స్) కోర్సు కాకపోతే ఓపీటీ, అంటే చదువయ్యాక అక్కడ పనిచేసుకునే అనుమతి, 12 నెలలే. నాన్నగారు క్యాలెండర్ కాగితం వెనక లోన్ వడ్డీ లెక్క వేసి, ఏమీ అనకుండా ఫ్రిజ్‌కి అంటించారు. అప్పటి నుంచీ టెన్షన్.

ఇంకోటి. ఎస్‌ఓపీలో (అప్లికేషన్‌తో పాటు ఎందుకు చదవాలనుకుంటున్నామో రాసే వ్యాసం) ఒక బాధితురాలి కథతో మొదలుపెట్టాను, పేరు మార్చి. చదివితే నాకే ఆమె కష్టాన్ని వాడుకుంటున్నట్టు అనిపిస్తోంది. తీసేయాలా? ఈ కోర్సులు చదివినవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి, ప్లీజ్.