శంకరం అన్న ఊరి పేరు

అనకాపల్లి పక్కనున్న శంకరం గ్రామానికి ఆ పేరు శివుడి వల్ల వచ్చిందా అన్న ప్రశ్నకు నా సమాధానం ఇది. బౌద్ధ భిక్షువుల నివాసాన్ని తెలిపే 'సంఘారామం' అన్న మాటే శంకరంగా మారిందని చరిత్రకారులు చెబుతారు. నేనూ దానినే నమ్ముతున్నాను. ఆరామం అంటే మొదట తోట. సంఘానికి దానంగా అందిన తోటల్లో భిక్షువులు వానకాలం గడుపుతూ వచ్చిన మీదట, గదులూ చైత్యమూ (పూజామందిరమూ) ఉన్న కట్టడానికే ఆ మాట పేరైంది.

పలుకుబడిలో ఒత్తు జారితే 'సంగారాము', చివరి 'ము'ను ప్రత్యయంగా భావించి దీర్ఘాన్ని కుదిస్తే 'సంగరము' అవుతాయి. ఇంతవరకు తెలుగు నడకే. చిక్కంతా గకారం కకారం కావడంలో ఉంది. ద్రుతం (నకారం) మీది పరుషం సరళమవుతుందని, అంటే కకారం గకారమవుతుందని, బడిలో చదువుకున్నాం, ఇక్కడ జరిగింది దానికి తలకిందులు. కాబట్టి ఇది ధ్వని చేసిన పని కాదు, అర్థం చేసిన పని అనుకుంటాను: సంఘం అక్కడినుంచి కనుమరుగయ్యాక, ఆ మాట ఎరగని జనం దానిని తమ నోట నిత్యం నానే శంకరుడి పేరులో ఒదిగించుకున్నారు.

ఈ ఊహకు బలం ఆ ఊరి లింగాలకొండే. అక్కడ కొండరాతినే తొలిచి మలచిన చిన్న స్తూపాలు గుండ్రని అండాలతో వరుసలు కట్టి ఉంటాయి. కింద నిలబడి చూసినవారికి అవి శివలింగాల్లాగే కనిపిస్తాయి, కొండకు పేరూ అలాగే వచ్చింది.

ఇక పక్కనున్న బొజ్జన్నకొండ. బుద్ధన్నే బొజ్జన్న అయ్యాడని అందరూ అనే మాట. బుద్ధి 'బుద్ది' అవుతుంది గాని 'బుజ్జి' కాదు గనుక ఆ దారి నాకు సూటిగా తోచదు. ఉపాధ్యాయుడు ఒజ్జ అయినట్టు, సంధ్య సంజ అయినట్టు, 'ధ్య' ఉన్న మాట నుంచి 'జ్జ' రావడం సహజం. బోధికి అంగమైన గుణాన్ని తెలిపే 'బోధ్యంగం' అన్న సంస్కృత పదం బౌద్ధ గ్రంథాల పాలి భాషలో 'బొజ్ఝంగ' అయింది కూడా. బొజ్జన్నను బుద్ధుడి కంటే బోధి వైపు వెతకడమే మేలనిపిస్తుంది.

ఆ ప్రాంతపు పెద్దలలో ఎవరైనా ఊరి పేరును దంత్య సకారంతో 'సంకరం' అనో, గకారంతో 'సంగరం' అనో పలకగా విన్నవారుంటే దయచేసి తెలపండి. పై క్రమంలో నాకు కావలసిన మెట్టు అదే.