జామాయిల్ దిగుబడి పడిపోయింది: తప్పు ఎండలదా, నేలదా, మొక్కదా?

మెట్టరైతు (కోరుకొండ):
మాది మెట్ట, ఎర్రనేల, బోరు అంతంతమాత్రం. జామాయిల్ మొదటి కోత బాగానే వచ్చింది. మోడు చిగుళ్ల మీద పెంచిన రెండో కోతలో టన్నులు బాగా పడిపోయాయి. కర్ర కొనే ఏజెంటు "ఎండలండి, అందరికీ ఇంతే" అని చేతులు దులుపుకున్నాడు. మా బావేమో రామచంద్రపురం దగ్గర తన పొలంలో వెయ్యమంటున్నాడు. కాలవ పక్కనే, నీళ్లకు కొదవ లేదు, రెట్టింపు కర్ర వస్తుందట. నిజమేనా?

గట్టుమీద (రావులపాలెం):
డెల్టాలో జామాయిలా! ధవళేశ్వరం దగ్గర 1852లో ఆనకట్ట లేచింది వరి పండించడానికండి, పేపరు మిల్లుకి కర్ర తోలడానికి కాదు.

కడియం_మొక్కలు:
అన్నిటికీ ఎండనంటే ఎలా? ఏ క్లోన్ (ఒకే మంచి చెట్టు కొమ్మల నుంచి పెంచిన మొక్క రకం) వేశారో ముందు చెప్పండి. భద్రాచలం పేపరు మిల్లు వాళ్ల క్లోన్లు రాకముందు విత్తనం మొక్కల తోటలు హెక్టారుకు ఏడాదికి 6 నుంచి 10 ఘనపు మీటర్లు ఇచ్చేవి. మంచి క్లోన్ పడ్డ తోటలో అది 20-25కి వెళ్లింది. వాన అదే, ఎండ అదే, మారింది మొక్కే. ఇంకో సంగతి, లేత ఆకుల కాడ మీద, నడిమి ఈనె మీద వరసగా బొడిపెలు కనబడ్డాయా? మొదట పచ్చగా ఉండి తర్వాత ఎర్రబడతాయి. అది గాల్ కందిరీగ పని. 2001లో కర్ణాటక మాండ్య వైపు కనబడి మన దాకా వచ్చింది. కొన్ని క్లోన్లు దానికి తట్టుకుంటాయి, కొన్ని గిడసబారిపోతాయి.

పాత రేంజర్:
కడియం వారి మాట సగం నిజం. మంచి మొక్క అనే మాటకి చోటు చెప్పకపోతే అర్థం లేదు. బ్రెజిల్, ఉరుగ్వేల్లో ఒకే క్లోన్లను పదుల చోట్ల నాటి చూశారు, కొన్ని చోట్ల చెట్ల కింద ప్లాస్టిక్ పరిచి వానలో కొంత నేలకి చేరకుండా ఆపారు కూడా. వేడి పెరిగిన చోట కర్ర తగ్గింది, నీరు దొరికిన చోట పెరిగింది. ఒకచోట ముందు నిలిచిన క్లోన్ ఇంకోచోట వెనకబడింది. అక్కడి అంకెలు తెచ్చి మన ఎకరాలకు వెయ్యకండి, వాళ్ల వాన తీరు వేరు. కానీ చెట్టు లోపల జరిగేది ఎక్కడైనా ఒకటే. గాలి పొడిబారితే ఆకు తన రంధ్రాలు మూసుకుంటుంది. నీరు పోదు, దాంతోపాటు చెట్టుకు కావలసిన బొగ్గుపులుసు వాయువూ లోపలికి రాదు. వడగాలి రోజుల్లో వేరు దగ్గర తడి ఉన్నా పెరుగుదల మందగించేది అందుకే. రాత్రుళ్లు కూడా వేడి దిగకపోతే పగలు చేసుకున్నదాంట్లో ఎక్కువ భాగం ఊపిరికే ఖర్చయిపోతుంది.

సర్వీసులో ఉండగా ఛాతీ ఎత్తులో చెట్ల చుట్టుకొలత నెలనెలా తీసేవాళ్లం. వానలు పట్టాక టేపు జరిగిపోయేది, మార్చి నుంచి జూన్ దాకా గీత మీద గీతే. అందుకని ఏడాదికి 1100 మిల్లీమీటర్లు పడ్డాయా, 1200 పడ్డాయా అనేది నేను పెద్దగా పట్టించుకోను. వర్షం ఎన్ని నెలలకి పరుచుకుందో చెప్పండి.

మెట్టరైతు గారూ, రెండో కోత తగ్గిందంటే మోళ్లు ఎన్ని చచ్చాయో లెక్కపెట్టారా? 3×2 మీటర్ల ఎడంలో ఎకరాకి 670 పైచిలుకు మొక్కలు. వాటిలో పాతిక శాతం మోళ్లు చిగురెయ్యకపోతే ఆ లోటు ఎండది కాదు. నడి వేసవిలో నరికినా, మోడు చీలేలా నరికినా, ఒక్కో మోడుకి ఒకటి రెండు పిలకలు ఉంచి మిగతావి తియ్యకపోయినా ఇదే గతి.

మెట్టరైతు:
క్లోన్ నంబరు నర్సరీ రసీదులో ఉండాలి, వెతుకుతాను. బొడిపెలు అక్కడక్కడా ఉన్నాయండి. మోళ్లు లెక్కపెట్టలేదు. నరికింది మాత్రం రోహిణి కార్తెలోనే, ఏజెంటు లారీ అప్పుడే దొరికింది.

గట్టుమీద:
రేంజర్ గారూ, నీళ్లు దొరికితే పెరుగుతుందని మీరే అన్నారు. అంటే నీళ్లు తాగేస్తుందనేగా! కర్ణాటకలో 2017లో కొత్తగా నాటొద్దని ఆపింది ఊరికేనా?

పాత రేంజర్:
కిలో కర్రకి లెక్కేస్తే జామాయిల్ దుబారా చెట్టేమీ కాదు. తొందరగా పెరుగుతుంది కాబట్టి ఎకరా మొత్తం మీద ఎక్కువ తీసుకుంటుంది. వాన తక్కువ, భూగర్భ జలం లోతుకి పోయిన కోలారు లాంటి చోట ఆ భయం న్యాయమే. రామచంద్రపురంలో నా భయం దానికి తిరగేసింది. అక్కడ నల్ల బంకమట్టి. ఆగస్టు నుంచి అక్టోబరు దాకా నీరు దిగదు, వేళ్లకి గాలి ఆడదు. జామాయిల్‌లో కెమాల్డులెన్సిస్ అనే రకం ఆస్ట్రేలియాలో ఏటి ఒడ్డు చెట్టే, కొన్నాళ్లు ముంపు ఓర్చుకుంటుంది, కానీ ఓర్చుకోవడం వేరు, కర్ర పెట్టడం వేరు. ఇక వేసవిలో కాలవలు కట్టేస్తారు, అదే నేల నెర్రెలిస్తుంది. బావగారు చెప్పే కాలవ నీళ్లు చెట్టుకి అవసరమైన రెండు నెలలూ ఉండవు. సముద్రపు గాలి తేమ వల్ల మెట్ట కంటే కొంత మేలు, అది ఒప్పుకుంటాను. రెట్టింపు మాత్రం రాదు.

లంక_శీను:
మా లంకల్లో ఒండ్రు ఇసక నేల, వేరు బాగా దిగుతుంది. కానీ 2022 జులైలో భద్రాచలం దగ్గర 71 అడుగులు దాటిన వరద మా మీదుగానే పోయింది. తుఫాను మాటంటారా, 1996 నవంబరులో కొబ్బరిచెట్లే వేళ్లతో లేచిపోయాయి. మూడో ఏడు సన్నగా పొడుగ్గా ఉన్న జామాయిల్‌ని ఆ గాలికి నిలబెట్టి చూడండి. సముద్రం ఒడ్డు ఇసక అయితే సరుగుడు వేసుకోండి బాబాయ్, మిల్లులు అదీ కొంటాయి.

కౌలు_మనిషి:
క్లోన్లూ కందిరీగలూ అన్నీ బాగానే ఉన్నాయి. మావైపు ఇద్దరు భూస్వాములు హైదరాబాద్‌లో కూర్చుని జామాయిల్ వేయించింది కర్ర దిగుబడి చూసి కాదండి. తోట వేస్తే కౌలుదారే ఉండడు, అతని కౌలు కార్డుకి సంతకం పెట్టనక్కర్లేదు, ఏటా మనిషిని వెతకనక్కర్లేదు. దిగుబడి సగమైనా వాళ్లకి లాభమే, పెట్టుబడి లేదు కదా. బావగారి పొలం ఇప్పుడు ఎవరు చేస్తున్నారు?

మెట్టరైతు:
పక్క ఊరి ఆయన, రెండు పంటలూ వరే. నిజమే, బావకి ఆ కౌలు గొడవ ఒకటుంది.

గట్టుమీద:
అదీ అసలు వాతావరణం! 😄

కడియం_మొక్కలు:
నవ్వులాట తర్వాత. మెట్టరైతు గారూ, ఆ రసీదు ఫొటో పెట్టండి, బొడిపెలున్న ఆకుది కూడా.