ఎత్తయిన భవనాల ఊగిసలాట: కట్టడంతోనే అణచాలా, యాక్టివ్ కంట్రోల్ పెట్టాలా?

పాత ఇంజినీరు, పెదవాల్తేరు:
తీరంలో కట్టే సన్నని భవనాలకు యాక్టివ్ కంట్రోల్ కావాలన్న, అంటే సెన్సర్లు, మోటార్లతో నడిచే డంపర్లు (ఊగిసలాటను అణచే పరికరాలు) పెట్టాలన్న వాదనను నేను ఒప్పుకోను. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను విశాఖ దగ్గర తీరం దాటాక మా వీధికి రోజుల తరబడి కరెంటు రాలేదు. గాలి ఉద్ధృతంగా వీచే వేళే కరెంటు పోతుంది కనుక, అటువంటి డంపరు అవసరమైన గంటలోనే ఆగిపోతుంది. తైవాన్‌లోని తైపేయి 101 భవనంలో వేలాడే 660 టన్నుల ఉక్కు గోళానికి కరెంటు అక్కరలేదు. భవనం ఊగినప్పుడు అది వెనకబడి ఊగుతూ, ఆ శక్తిని నూనె డంపర్లలో వేడిగా మారుస్తుంది.

కంట్రోల్ విద్యార్థిని:
కరెంటు పోయినా మామూలు డంపరులా ఊగుతూ పనిచేసే హైబ్రిడ్ అమరికలు ఉన్నాయండి. భవనం ఊగే లయకు ట్యూన్ చేసిన గోళం ఒక్క పౌనఃపున్యం (సెకనుకు ఎన్నిసార్లు ఊగుతుందన్న లెక్క) దగ్గరే బాగా పనిచేస్తుంది. భవనం పౌనఃపున్యం మారితే దాని ప్రభావం తగ్గుతుంది. పోనీ కట్టడాన్నే బిగిద్దామంటే, బరువు పెరగకుండా పౌనఃపున్యం రెట్టింపు కావాలన్నా దృఢత్వం నాలుగింతలు కావాలి.

సీతమ్మధార:
లండన్ మిలీనియం వంతెనను 2000 జూన్‌లో తెరిచి, జనం నడుస్తుంటే ఊగుతోందని రెండు రోజులకే మూశారు. 37 ద్రవ డంపర్లు, 52 ట్యూన్డ్ మాస్ డంపర్లతో (ఆ గోళంలాగే ఊగే బరువులతో) సరిచేశారు. మోటారు ఒక్కటీ లేదు.

పాత ఇంజినీరు, పెదవాల్తేరు:
నేను చెప్పేదీ అదే. కరెంటు లేకపోతే ఏమిటన్న ప్రశ్నకు సూటి జవాబు రాలేదు.

కంట్రోల్ విద్యార్థిని:
జవాబు చెప్పాను, మీరు చదవలేదు! లెక్కలోకి తీసుకోని పై మోడ్‌లను (భవనం ఇంకా వేగంగా ఊగే తీరులను) కంట్రోలరే, అంటే మోటార్లకు ఆదేశాలిచ్చే కంప్యూటరే, రెచ్చగొడుతుందనో, సంకేతం ఆలస్యమైతే అణచవలసిన బలమే తోసే బలమవుతుందనో మీరు అని ఉంటే తలవంచి ఒప్పుకునేదాన్ని. సెన్సరును, యాక్చుయేటరును (బలం ప్రయోగించే మోటారును) ఒకేచోట అమర్చేది ఆ మోడ్‌ల భయంతోనే. మీరు మాత్రం కరెంటును వదలడం లేదు.

పాత ఇంజినీరు, పెదవాల్తేరు:
ఎలా వదలనమ్మా? హుద్‌హుద్ రాత్రి మా అపార్ట్‌మెంటు జనరేటరు స్టార్ట్ కాలేదు. టార్చి వేసి చూస్తే బ్యాటరీ టెర్మినళ్ల మీద పచ్చని చిలుము గడ్డకట్టి ఉంది. గోటితో గీకినా రాలలేదు. రెండేళ్లుగా ఎవరూ దాని మూత తీయలేదట. మా అమ్మగారిని కుర్చీతో సహా తొమ్మిది అంతస్తులు మోసి దించాము.

కంట్రోల్ విద్యార్థిని:
అమ్మగారి సంగతి చదివి బాధ కలిగింది. అయితే మీ అభ్యంతరం యంత్రం మీద కాదు, దానిని చూసుకోవలసినవారి మీద. నూనె డంపరు సీలునూ ఎవరో ఒకరు చూడాలి కదా?

పాత ఇంజినీరు, పెదవాల్తేరు:
చూడాలి. కానీ సీలు కారితే నేల మీద మరక పడుతుంది, వాచ్‌మన్ అయినా గుర్తిస్తాడు. కంట్రోలరు చెడితే ఏ మరకా పడదు.

మధురవాడ, 14వ అంతస్తు:
మా బిల్డరు అప్పగించిన కాగితాలలో డంపరు అన్న మాటే లేదు. ఉందో లేదో ఎవరిని అడగాలి?