ఆదివారం పెళ్ళి: హాలు మారింది, పనులకు పేర్లు ఇవ్వండి

సెక్రటరీ, మంగళవారం రాత్రి 9:10
అందరికీ నమస్కారం. మేరీలాండ్ హాల్లో పైపు పగిలింది, ఆదివారం ఇవ్వలేమన్నారు. వర్జీనియాలోని హెర్న్‌డన్‌లో వేరే హాలు దొరికింది, అడ్వాన్స్ కట్టేశాం. ముహూర్తం అదే, ఉదయం 10:42. మిగిలిన పనులు: మామిడాకులు, అరటి పిలకలు, మైకు, తెర, పార్కింగ్, పెద్దవాళ్ళకు రైడ్లు. రేపు రాత్రికల్లా పేర్లు పెట్టండి. ఇద్దరి అమ్మానాన్నలకూ వీసాలు రాలేదు, ఇక్కడ అమెరికాలో ఆ పిల్లలకు మనమే దిక్కు.

ఫుడ్ కమిటీ, 9:32
బొబ్బట్లు, పులిహోర మావి. పీటలు కూడా తెస్తాం. పెళ్ళి లైసెన్స్ మేరీలాండ్‌లో, రాక్‌విల్‌లో తీసుకున్నారు కదా, వర్జీనియాలో పనికొస్తుందా?

పాత ప్రెసిడెంట్, 10:05
పనికిరాదు వదినా. మేరీలాండ్‌లో ఏ కౌంటీలో లైసెన్స్ తీసుకుంటే ఆ కౌంటీలోనే పెళ్ళి జరగాలి. రాక్‌విల్ ఉన్న మోంట్‌గోమరీ కౌంటీలో తీసుకున్నది పక్కనున్న ప్రిన్స్ జార్జెస్‌లోనే చెల్లదు, ఇక నది దాటి వర్జీనియా వెళ్తే చెప్పేదేముంది? అది పెద్ద కష్టం కాదు. వర్జీనియాలో వెయిటింగ్ లేదు. ఇద్దరూ ఐడీలు పట్టుకుని ఫెయిర్‌ఫాక్స్ సర్క్యూట్ కోర్టు క్లర్క్ దగ్గరికి వెళ్తే అప్పటికప్పుడు ఇస్తారు, 60 రోజులు ఉంటుంది.
అసలు చిక్కు పంతులుగారితో. మేరీలాండ్‌లో గుడి అర్చకులైతే చాలు, ఎక్కడా రిజిస్టర్ అక్కర్లేదు. వర్జీనియాలో మతగురువు ఎవరైనా సరే, తన దీక్షకు, సంస్థకు రుజువులు చూపించి సర్క్యూట్ కోర్టు ఆర్డర్ తెచ్చుకోవాలి. మన పంతులుగారికి అది లేదు.

యూత్ కో-ఆర్డినేటర్, 10:11
అంకుల్, నేను ఆన్‌లైన్లో మినిస్టర్ (మతగురువు) అయిపోతాను, ఐదు నిమిషాల పని. సంతకం నాది, మంత్రాలు పంతులుగారివి.

పాత ప్రెసిడెంట్, 10:20
వద్దు నాన్నా. నీకూ ఆ కోర్టు ఆర్డరే కావాలి, ఆన్‌లైన్ సర్టిఫికెట్ చూపిస్తే క్లర్క్ ఒప్పుకుంటారని నమ్మకం లేదు. టెనెసీలో 2019లో ఏకంగా చట్టమే చేశారు, ఆన్‌లైన్ దీక్ష చెల్లదని. రాష్ట్రానికో పద్ధతి. ఒహాయోలో పెళ్ళి జరిపించే మతగురువు సెక్రటరీ ఆఫ్ స్టేట్ దగ్గర లైసెన్స్ తీసుకోవాలి. మసాచుసెట్స్‌లో స్నేహితుడికి గవర్నర్ ఒక్కరోజు అధికారం ఇస్తారు. వాషింగ్టన్ డీసీలో అయితే పెళ్ళివాళ్ళే తమ పెళ్ళి తామే జరిపించుకోవచ్చు. మనం దిగింది వర్జీనియాలో.

ట్రెజరర్, 10:34
ఇన్నాళ్ళూ పంతులుగారు చేసిన పెళ్ళిళ్ళు చెల్లలేదా? ఒక్క కాగితం కోసం ఆయన్ని పక్కన పెడతారా? జరిపించినవాళ్ళకు అధికారం లేకపోయినా, ఉందని జంట నమ్మి చేసుకుంటే పెళ్ళి రద్దు కాదని వర్జీనియా చట్టంలోనే ఉంది. ఇప్పుడే చదివాను.

పాత ప్రెసిడెంట్, 10:41
నేనూ చదివాను తమ్ముడూ. అది తెలియక చేసుకున్నవాళ్ళ కోసం పెట్టిన సెక్షన్. మనకు తెలిసిపోయింది. అధికారం లేకుండా పెళ్ళి జరిపించినవాళ్ళకు ఏడాది దాకా జైలు, 500 డాలర్ల దాకా జరిమానా అని అదే చట్టంలో ఉంది. పంతులుగారు ఆర్-1 వీసా (మతపరమైన పనుల మీద వచ్చేవాళ్ళకిచ్చేది) మీద ఉన్నారు. నీ మాట నమ్మి ఆయన్ని ఇరికించమంటావా?

ట్రెజరర్, 10:44
ఇరికించమని నేనన్నానా? అడక్కుండా హాలు మార్చినవాళ్ళని అడగండి.

సెక్రటరీ, 10:46
హాలు దొరక్క రెండు రోజులు నిద్రలేదు. ఇంకో హాలు చూపించండి, ఇప్పుడే క్యాన్సిల్ చేస్తా.

ఫుడ్ కమిటీ, 10:58
ఇక చాలు, పడుకోండి. పెళ్ళికూతురు కూడా ఈ గ్రూపులో ఉంది.

ట్రెజరర్, బుధవారం ఉదయం 7:15
రాత్రి మాట తూలాను అన్నయ్యా. పంతులుగారికి ఇప్పుడే ఫోన్ చేశాను. వేద పాఠశాల పట్టా ఇండియాలో ఉందట. గుడి నుంచి లెటర్ రాయించాలంటే సంతకం పెట్టే ట్రస్టీ ఊళ్ళో లేరు. శుక్రవారం లోపు ఆర్డర్ కుదరదు. శనివారం రాక్‌విల్‌లో పాత లైసెన్స్ మీద సంతకాలు పెట్టించేద్దామా?

పెళ్ళికూతురు, 8:02
ఆంటీ, అంకుల్, మా నాన్న ఒప్పుకోవడం లేదు. మంగళసూత్రం కట్టిన రోజే సర్టిఫికెట్ మీద ఉండాలంటున్నారు. నాకూ అదే కావాలి. ఏమీ అనుకోకండి.

ఫుడ్ కమిటీ, 12:20
మా ఆడపడుచు వాళ్ళు వెళ్ళే గుడి పూజారిగారికి వర్జీనియా ఆర్డర్ ఉంది. ఒకసారి తీసుకుంటే రాష్ట్రమంతా చెల్లుతుంది. ఆదివారం తొమ్మిదింటికి ఆష్‌బర్న్‌లో ఆయనకు సత్యనారాయణ వ్రతం. వాళ్ళని బతిమాలాను, మధ్యాహ్నం రెండింటికి మార్చుకున్నారు. ప్రసాదానికి రవ్వ మనం వేయించి ఇస్తామన్నాను.

సెక్రటరీ, 12:31
మన పంతులుగారు ఏమంటారో?

ట్రెజరర్, 1:05
ఇంటికెళ్ళి మాట్లాడాను. గౌరీపూజ, కన్యాదానం ఆయన చేయిస్తారు. జీలకర్ర బెల్లం నుంచి ఆ పూజారిగారు. సంతకం, ఐదు రోజుల్లో లైసెన్స్ తిరిగి పంపే పూచీ కూడా ఆ పూజారిగారిదే. "పిల్ల పెళ్ళి చక్కగా జరిగితే చాలు, ఇద్దరం కూర్చుంటాం" అన్నారు.

యూత్ కో-ఆర్డినేటర్, శుక్రవారం 11:48
ఫెయిర్‌ఫాక్స్‌లో లైసెన్స్ తీసుకున్నాం. స్పెల్లింగ్స్ పాస్‌పోర్ట్‌లతో అక్షరం అక్షరం పోల్చాను. కవరు నా దగ్గరే ఉంది, ఆదివారం పూజారిగారి చేతికే ఇస్తాను.

ఫుడ్ కమిటీ, 12:02
సంతోషం నాన్నా. వచ్చేదారిలో ఐదు కిలోల రవ్వ తీసుకురా. మామిడాకులకు ఎవరూ పేరివ్వలేదు, దొరికితే అవీ.