911 ఎస్‌సీ సన్‌రూఫ్: బీడింగ్, కేబుళ్లు మార్చే పని ఎక్కడ మొదలుపెట్టాలి?

ప్రశ్న (విజయనగరం)

మా పెదనాన్నగారు ఇంగ్లండులో వైద్యవృత్తి చాలించి వస్తూ తెచ్చుకున్న పోర్షే 911 ఎస్‌సీ ఇప్పుడు నా సంరక్షణలో ఉంది. 1982 నాటి బండి అయినా మూడు లీటర్ల ఇంజను నేటికీ నిక్షేపంగా నడుస్తోంది. ఇబ్బంది అంతా పైకప్పుతోనే. సన్‌రూఫ్ మూసేటప్పుడు కుడివైపు ముందుకు కదులుతుంది, ఎడమవైపు ఆగిపోతుంది. పలక వంకరగా ఇరుక్కుపోయి, మోటారు గరగరమంటూ ఉత్తినే తిరుగుతుంది. చుట్టూ ఉన్న రబ్బరు బీడింగ్ గట్టిపడి మూలల దగ్గర పగిలింది, గోటితో గీరితే నల్లటి పొడి రాలుతోంది. మొన్నటి వానకు డ్రైవరు వైపు టాప్ లైనింగ్ మీద మరక కూడా పడింది. అక్టోబరు తుపానులు రాకముందే ఈ పని పూర్తి చేయాలని నా ఆత్రం. ఒక్క ఎడమవైపు కేబులు మారిస్తే సరిపోతుందా? బీడింగ్ మారిస్తే కారడం ఆగుతుందా? లైనింగ్ మొత్తం విప్పాలా? అనుభవం ఉన్న పెద్దలు దయచేసి చెప్పగలరు.

సమాధానం (పాత కార్ల మెకానిక్, శ్రీకాకుళం)

బాబూ, ముందు నీటి సంగతి చూడండి. బీడింగ్ గాలిని, దుమ్మును, చాలావరకు వానను ఆపుతుందే కానీ చుక్క కూడా దిగకుండా ఆపడం దాని పని కాదు. పలక చుట్టూ లోపల, పెంకుటింటి చూరు కింద దోనెలాగా, ఒక గాడి ఉంటుంది. బీడింగ్ దాటిన నీరు అందులో పడి, మూలల్లోని సన్నని గొట్టాల గుండా బండి కిందికి పోవాలి. మీకు మరక పడిందంటే గొట్టం పూడుకుపోయిందేమోనని నా మొదటి అనుమానం. సన్‌రూఫ్ తెరిచి ఒక్కొక్క మూలలో గ్లాసుడు నీళ్లు నెమ్మదిగా పోసి కిందికి వస్తున్నాయో లేదో చూడండి. రాకపోతే గడ్డి కోసే యంత్రానికి వాడే నైలాన్ తీగను పైనుంచి మెల్లగా దూర్చండి. కంప్రెసరు గాలి మాత్రం కొట్టించకండి. పైకప్పును మోసే స్తంభం లోపల గొట్టం అతుకు ఊడితే నీరు అక్కడే నిలుస్తుంది, మన సముద్రతీరపు ఉప్పుగాలికి ఆ తుప్పు బయటపడేసరికి ఆలస్యమైపోతుంది.

కేబుళ్లు రెండూ మార్చవలసిందే. ఉక్కు తీగ మీద మరొక తీగను స్క్రూ మరల మాదిరిగా చుట్టి చేసిన కేబులు అది. మోటారు పళ్ళచక్రం ఆ చుట్ల మధ్య పట్టుకుని, చెరొక పక్క ఉన్న రెండు కేబుళ్లనూ ఒకేసారి కదిలిస్తుంది. ఒకవైపు కొత్తది, మరోవైపు అరిగినది ఉంటే పలక మళ్ళీ వంకరపోతుంది.

లైనింగ్ మొత్తం విప్పనక్కరలేదు. వెనుకభాగంలో లైనింగుకు జిప్పు ఉంటుంది, దాని వెనుకే మోటారు. మోటారు విప్పితే కేబుళ్లు వదులై పలక చేతితోనే కదులుతుంది. పలకను కొంచెం వెనక్కి జరిపి, దాని అడుగున ఉన్న లైనింగ్ చట్రాన్ని ముందువైపు క్లిప్పుల నుంచి విడిపించి వెనక్కి తోస్తే, పలకను పట్టి ఉంచే స్క్రూలు కనబడతాయి. పలక ఇనుపది, బరువైనది. ఇద్దరు పట్టి పైకి తీయాలి, పైకప్పు మీద మందపాటి దుప్పటి పరచాలి.

అసలు నేర్పు తిరిగి బిగించడంలో ఉంది. కొత్త కేబుళ్లకు పలుచగా గ్రీజు పూసి గొట్టాల్లోకి ఎక్కించి, పలక మూసిన స్థితిలో రెండు వైపులా ఒకే కొలత వచ్చేదాకా స్కేలు పెట్టి సరిచూసిన తరువాతే మోటారు బిగించండి. పలక ముందంచు పైకప్పు కంటే సుమారు 1 మిల్లీమీటరు దిగువన, వెనుకంచు అంతే ఎగువన ఉంటే వేగంలో గాలి ఈల వేయదు.

సమాధానం (సీట్లు, లైనింగ్ కుట్టేవారు, బొబ్బిలి)

మేస్త్రి గారు చెప్పినదానికి బీడింగ్ విషయం కలుపుతున్నాను. మీటరు లెక్కన దొరికే తలుపు బీడింగ్ వేస్తే చాలదా అని కొందరు అంటారు, నేను ఒప్పుకోను. మందం కొద్దిగా ఎక్కువైనా పలక బిగిసి, ఆ భారమంతా కొత్త కేబుళ్ల మీద పడుతుంది. ఆ మోడలుకు చేసిన బీడింగే తెప్పించండి. పాత గమ్ము పూర్తిగా గీకి తీయాలి. అతికించేటప్పుడు రబ్బరును సాగదీయకూడదు, సాగదీసినది తరువాత ముడుచుకుని మూలల్లో సందు వదులుతుంది. అతుకు వెనుకంచు మధ్యలో రావాలి. ఆరాక పది రూపాయల నోటును అంచున పెట్టి పలక మూసి లాగి చూడండి; చుట్టూ ఒకే బిగువు తగలాలి. రబ్బరుకు పెట్రోలియం గ్రీజు వద్దు, సిలికాన్ గ్రీజు వాడండి.

ప్రశ్న వేసినవారు

ఇద్దరికీ కృతజ్ఞతలు. నీళ్లు పోసి చూశాను, కుడివైపు ముందు మూల నుంచి చుక్క కూడా కిందికి రాలేదు. సామాను విదేశం నుంచి రావాలి కనుక అంతవరకు బండిని ఎలా ఉంచమంటారు?

సమాధానం (పాత కార్ల మెకానిక్, శ్రీకాకుళం)

ఈరోజే ఆ గొట్టం శుభ్రం చేయండి. మోటారు వదులు చేసి, ఇద్దరు చెరొకవైపు నుంచి పలకను సమంగా తోసి మూసి, మోటారు మళ్ళీ బిగించండి. పళ్ళచక్రం దాన్ని కదలకుండా పట్టి ఉంచుతుంది. ఇంట్లో ఎవరూ పొరపాటున స్విచ్ నొక్కకుండా సన్‌రూఫ్ ఫ్యూజు తీసి దాచండి.