పెద్ద ఆఫీసు వదిలి హన్మకొండలో చిన్న ప్రాక్టీసుకి వెళ్లొచ్చా?

లింటెల్_లెవెల్:
హైదరాబాద్‌లో చాలా పెద్ద ఆర్కిటెక్చర్ ఆఫీసులో పని చేస్తున్నాను. బయటికి ఐటీ క్యాంపస్‌లు, ఆసుపత్రులు అని చెప్పుకుంటాం కానీ నా చేతికి వచ్చేవి టాయిలెట్ డీటెయిల్స్, డోర్ షెడ్యూళ్లు (తలుపుల కొలతల పట్టికలు). కంప్యూటర్‌లో బిల్డింగ్ గీసే రెవిట్ మోడల్‌లో నేను తిరగని అంతస్తు లేదు, సైట్‌కి మాత్రం పంపరు. హన్మకొండలో నలుగురే ఉన్న ఆఫీసు నుంచి పిలుపు వచ్చింది. ఇళ్లు, చిన్న స్కూళ్లు చేస్తారు. జీతం మూడో వంతు తగ్గుతుంది. ఇంట్లో వద్దంటున్నారు. అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

తూర్పు_వాకిలి:
వెళ్లొద్దు తమ్ముడూ. ఫైర్ ఎన్‌ఓసీ (అగ్నిమాపక శాఖ అనుమతి), కరెంటు, నీళ్ల లాంటి సర్వీసుల కోఆర్డినేషన్, టెండర్ డ్రాయింగులు పద్ధతిగా నేర్చుకునేది పెద్ద ఆఫీసులోనే. అక్కడ నువ్వు గీసింది ఇద్దరు ముగ్గురు చూశాకే బయటికి వెళ్తుంది. రేపు తిరిగి రావాలనుకుంటే నీ పోర్ట్‌ఫోలియోలో ఇళ్లు తప్ప ఏమీ లేవని పక్కన పెడతారు.

సైట్_బుక్:
నేను హైదరాబాద్ వదిలి కరీంనగర్‌లో చిన్న ఆఫీసుకి వచ్చాను. వెళ్లమనే అంటాను. ఎందుకో ఒక్క సంగతి చెప్తాను.

డూప్లెక్స్ ఇల్లు, మర్నాడు స్లాబ్. సెంట్రింగ్ అయిపోయింది, ఇనుము కట్టేశారు. మేస్త్రీ మెట్ల దగ్గర నిలబడి "మేడం, ఈడ తల తాకుతది" అన్నాడు. టేపు పెట్టి చూస్తే నిజమే. ల్యాండింగ్ బీము కిందికి దిగడంతో మెట్టు మీద నిలబడితే ఆరడుగులు కూడా లేదు. ప్లాన్‌లో అది కనపడదు, బిల్డింగ్‌ని నిలువుగా కోసినట్టు చూపే సెక్షన్ ఆ చోట గీయలేదు. స్ట్రక్చరల్ ఇంజనీరుకి ఫోన్ చేశాం. బీమును స్లాబ్ పైకి తిప్పి, పై గోడలో కలిపేద్దామన్నారు. కాంట్రాక్టర్ అప్పటికే మిక్సర్‌నీ కూలీలనూ మాట్లాడుకున్నాడు, అయినా స్లాబ్ వాయిదా వేయించాం. ఓనర్‌కి ఎదురుగా నిలబడి కారణం చెప్పింది నేనే. ఆ రోజు నుంచి ఏ మెట్లు గీసినా ముందు సెక్షన్ గీస్తాను.

పాత ఆఫీసులో ఇదే ప్రశ్న సైట్ నుంచి మెయిల్‌గా వచ్చేది, నా పైవాళ్లు జవాబిచ్చేవాళ్లు. నా దాకా వచ్చేదే కాదు.

తూర్పు_వాకిలి:
అది మంచి మేస్త్రీ దొరికిన అదృష్టం. అతను చూడకపోతే స్లాబ్ అలాగే పోసేసేవారు. పెద్ద ఆఫీసులో ఆ సెక్షన్ ముందే ఎవరో ఒకరు అడిగేవారు.

సైట్_బుక్:
అడిగేవారు, ఒప్పుకుంటాను. కానీ సమాధానం నేను నేర్చుకునేదాన్ని కాదు కదా.

గజం_లెక్క:
నేర్చుకోవడం సరే, డబ్బు సంగతి ఎవరూ ఎత్తరేం? 2020లో సుప్రీంకోర్టు తేల్చింది: 1972 ఆర్కిటెక్ట్స్ చట్టం ఆ పేరు వాడుకోవడాన్ని మాత్రమే కట్టడి చేస్తుంది, డిజైన్ పనిని కాదు. అంటే మన ఊళ్లలో ప్రతి ఇంటికీ మన పోటీ అడుగుకి ఇంతని గీసిచ్చే ప్లానర్‌తోనే. పైగా అదే ఏడాది తెలంగాణలో భవన అనుమతుల కోసం వచ్చిన టీఎస్ బీపాస్ చట్టంతో 500 చదరపు మీటర్ల లోపు స్థలంలో, 10 మీటర్ల ఎత్తు లోపు ఇంటికి యజమాని సొంత ధ్రువీకరణ మీదే అనుమతి. ప్లాన్ అంటే అప్‌లోడ్ చేసే కాగితం అనుకునే ఓనర్లు పెరిగారు. ఫీజు సగంలో ఆగితే ముందు ఆగేది ఉద్యోగి జీతమే. నాకు జరిగింది కాబట్టే చెప్తున్నా.

పెన్సిల్_2బి:
ఇంత భయపెట్టకండి అన్నా. స్పెయిన్‌లో ఒలోట్ అనే చిన్న ఊళ్లో ఆఫీసు పెట్టుకున్న ముగ్గురికి 2017లో ఆర్కిటెక్చర్‌లో పెద్ద అవార్డు ప్రిట్జ్‌కర్ వచ్చింది. ఆస్ట్రేలియాలో ఒక్కడే పనిచేసుకునే గ్లెన్ మర్కట్‌కి 2002లోనే వచ్చింది.

గజం_లెక్క:
వాళ్ల ఆఫీసు వాళ్లదే తమ్ముడూ. ఇక్కడ అడుగుతున్నది ఉద్యోగం గురించి.

సైట్_బుక్:
ఈ మాట నిజం. నలుగురి ఆఫీసులో అంతా దాన్ని నడిపే పెద్దాయన మీదే ఉంటుంది. ఆయన నేర్పే మనిషైతే పెద్ద ఆఫీసు దానికి సాటిరాదు. ఫైళ్లు మున్సిపాలిటీ చుట్టూ తిప్పడానికే మనిషి కావాలనుకుంటే మీరు ఇక్కడ గీసే డోర్ షెడ్యూల్ కూడా అక్కడ గీయరు. అందుకే ఒప్పుకునే ముందు పూర్తయిన ఇళ్ల ఫోటోలు కాదు, ఇప్పుడు కడుతున్న సైట్ చూపించమనండి. సైట్‌లో మేస్త్రీ చేతిలో డ్రాయింగ్ ఉందా, ఆ డ్రాయింగ్‌కీ కట్టిన గోడకీ పొంతన ఉందా చూడండి. ఇంతకుముందు అక్కడ పనిచేసి వెళ్లినవాళ్లతో ఒకసారి మాట్లాడండి.

గజం_లెక్క:
జీతం ఏ తేదీన పడుతుందో, క్లయింట్ డబ్బు రాకపోయినా పడుతుందో లేదో ఆఫర్ లెటర్‌లో రాయించుకో. నోటి మాట మీద వెళ్లకు.

లింటెల్_లెవెల్:
అందరికీ థాంక్స్. శనివారం హన్మకొండ వెళ్తున్నాను. వాళ్లు కడుతున్న స్కూల్ సైట్ చూపించమని అడిగితే వెంటనే సరే అన్నారు. జీతం సంగతి మాత్రం 'వచ్చాక మాట్లాడుకుందాం' అన్నారు, అదే టెన్షన్‌గా ఉంది. రాసివ్వమని అడుగుతాను, ఇవ్వకపోతే చేరను.