తినగ తినగ వేమా, తినగ తినగ రోగమా?

నిన్న ఒక సభ్యురాలు అడిగిన ప్రశ్నకు జవాబు కామెంట్లలో పట్టక విడిగా రాస్తున్నాను. వేమన ‘తినగ తినగ వేము (వేప) తియ్యనుండు’ అన్నాడు, ఇంట్లో పెద్దవాళ్లేమో ‘అనగ అనగ రాగం, తినగ తినగ రోగం’ అంటారు. కష్టంలో ఉన్న మనిషికి ఏది చెప్పాలి అని ఆవిడ సందేహం.

ముందు పద్యం మొత్తం చదువుకుందాం:

అనగననగ రాగ మతిశయించుచునుండు
తినగ తినగ వేము తియ్యనుండు
సాధనమున పనులు సమకూరు ధరలోన
విశ్వదాభిరామ వినురవేమ

చాలామంది రెండో పాదం దగ్గరే ఆగిపోతారు. అసలు కీలకం మూడో పాదంలో ఉంది. ఇవాళ సాధనం అంటే పనిముట్టు అనుకుంటాం, ఇక్కడ మాత్రం అభ్యాసం. పాడేది, తినేది, సాధన చేసేది మనిషే, తన ఇష్టంతోనే. వేమన ‘తినగ’ అన్నాడు, ‘తినిపించగ’ అనలేదు.

మా ఇల్లు హైదరాబాద్‌లో చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీకి దగ్గర. పోటీ పరీక్షలకు చదివే పిల్లలు పొద్దున్నే వచ్చి కూర్చుంటారు. రైళ్ల లెక్క, నీళ్ల ట్యాంకు లెక్క కొట్టేసి మళ్లీ చేస్తుంటారు, గడియారం పక్కన పెట్టుకుని. వేమన చెప్పిన వేము అది. అదే పిల్లాడు రాత్రి అశోక్‌నగర్‌లో ఇరుకు గదికి చేరి, అన్నం సహించక బిస్కెట్లతో సరిపెట్టుకుంటాడు. ఇంటికి ఫోన్ చేస్తే ‘తినగ తినగ వేము తియ్యనుంటుంది, సర్దుకో నాయనా’ అంటారు. ప్రేమతోనే అంటారు, కానీ ఆ పాదం అక్కడ వాడకూడదు. చాలని తిండికి, చాలని నిద్రకు సాధన ఏమిటి? అక్కడ సామెతే నిజం: కడుపు చెడుతుంది, ఒళ్లు చెడుతుంది. అలాంటప్పుడు పద్యం చెప్పేకంటే నాలుగు డబ్బులు పంపడం మేలని నా అభిప్రాయం.

సామెత అల్లిక కూడా చూడండి. రాగం, రోగం. ఒక్క అచ్చు మారితే చాలు, ఫలితం తలకిందులైంది. ఎవరు కట్టారో గానీ చెవి ఉన్న మనిషి.

పాఠాంతరాల సంగతి: తియ్యనుండు, తీయనుండు, తియ్యగుండు మూడూ వినిపిస్తాయి. బ్రౌన్ రాతప్రతులు పోగుచేసి 1829లో వేమన పద్యాలు అచ్చు వేయించేనాటికే అవి జనం నోళ్లలో నలిగి ఉన్నాయి, తేడాలు సహజం. మూడూ ఛందస్సుకు సరిపోతాయి. ‘తియ్యగనుండు’ మాత్రం కుదరదు.

వ్యాఖ్య: సార్, మాది నల్లగొండ. మా అమ్మమ్మ ‘అనంగ అనంగ రాగం, తినంగ తినంగ రోగం’ అనేది. అది తప్పా?

జవాబు: తప్పు కానే కాదమ్మా. సామెతకు గణాల లెక్క లేదు. వేమన పద్యం ఆటవెలది ఛందస్సు. దాని రెండో పాదంలో మాత్రం ఐదూ సూర్యగణాలే రావాలి, అంటే మూడు లఘువులో (పొట్టిగా పలికే అక్షరాలు), గురువు (నిడివిగా పలికే అక్షరం) వెంట లఘువో. ‘తినగ’ మూడు లఘువులు, సరిపోయింది. ‘తినంగ’ అంటే నడుమ గురువు పడి జగణం అవుతుంది, పాదం కుంటుతుంది. పద్యం చదివేటప్పుడు ‘తినగ’ అనండి, సామెత మీ అమ్మమ్మగారు అన్నట్టే అనండి.